డ్యాష్‌బోర్డు వెనుక దూలం విప్పేటప్పుడు

కారు లోపల తియ్యటి వాసన వస్తోందని, ముందు అద్దానికి లోపలివైపు తుడిచినా పోని జిడ్డు పొర పడుతోందని ఎవరైనా చెబితే, మూడు రోజుల పని వచ్చిందని నాకు అప్పుడే అర్థమవుతుంది. హీటర్ కోర్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం వేడితో కారు లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటరు, కారుతోందన్నమాట. కోర్ చూస్తే పలకంత వస్తువు. దాన్ని బయటికి తీయాలంటే మాత్రం చాలా కార్లలో దాని ముందున్నవన్నీ కదలాలి. స్టీరింగు, మీటర్లు, గ్లవ్ బాక్సు, ఎయిర్‌బ్యాగు, డ్యాష్‌బోర్డు తొడుగు, చివరగా వీటన్నిటినీ మోస్తున్న లోహపు దూలం. గాలిని చల్లబరిచే ఏసీ ఎవాపరేటర్‌కు చిల్లు పడినా ఇదే దారి. ఎలుకలు వైర్లు కొరికినా ఒక్కోసారి ఇక్కడిదాకా రావాల్సిందే.

నేను ఇంజన్ మెకానిక్‌ని కాను, వైరింగు పనివాడిని. అందుకే ఈ పనిని బోల్టుల వైపు నుంచి కాక వైర్ల వైపు నుంచి చూస్తాను. దూలం విప్పడంలో బోల్టులది పావు వంతు. మిగిలిన ముప్పావు దాన్ని అల్లుకున్న తీగలది. బోల్టు తప్పు చేస్తే అప్పుడే తెలుస్తుంది. తీగ చేసిన తప్పు ఆరు నెలల తర్వాత, రాత్రిపూట, వానలో తెలుస్తుంది.

ఇంటి దూలం రెండు గోడల మీద ఆనినట్టే ఇది కూడా రెండు ముందు తలుపుల పక్కనున్న స్తంభాల మధ్య అడ్డంగా పడుకొని ఉంటుంది. ఎక్కువ బండ్లలో ఉక్కు గొట్టం, దానికి పదిహేను ఇరవై రేకు ముక్కలు వెల్డు చేసి ఉంటాయి. మధ్యలో నేల మీదికి రెండు కాళ్లు. పెడళ్ల దగ్గర ఇంజన్ గది గోడకు ఒక చెయ్యి. స్టీరింగు చక్రం నుంచి కిందికి దిగే స్టీరింగ్ కాలమ్ వేలాడేది దీనికే. ముందు సీటువారి ఎయిర్‌బ్యాగు పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని తట్టుకునేదీ ఇదే. పక్క నుంచి గుద్దుకున్నప్పుడు కారు లోపలికి నలగకుండా కొంత ఆపేదీ ఇదే. కాబట్టి వంగిన దూలాన్ని కాల్చి, సుత్తితో సరిచేసి మళ్లీ బిగించే పని పెట్టుకోవద్దు. వంగితే మార్చాలి, అంతే. కొన్ని కార్లలో ఇది మెగ్నీషియంతో పోత పోసినది. ఎత్తి చూస్తే ఇంత తేలికా అనిపిస్తుంది. దాని దగ్గర గ్రైండరు, వెల్డింగు వద్దు, ఆ పొడి అంటుకుంటే నీళ్లతో ఆరదు. దాని బోల్టులకూ వాషర్లకూ ప్రత్యేకమైన పూత ఉంటుంది. డబ్బాలో దొరికిన మామూలు ఉక్కు వాషరు వేస్తే, తేమ తగిలిన చోటల్లా ఆ రెండు లోహాల మధ్య తుప్పు మొదలై మెగ్నీషియాన్ని తినేస్తుంది.

బ్యాటరీ విప్పక ముందు

అందరూ మొదట బ్యాటరీ తీయమంటారు. నిజమే, కానీ దానికి ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ తీసేశాక గుర్తొస్తే మళ్లీ కలపాలి, మళ్లీ ఆగాలి. ముందు చక్రాలను తిన్నగా పెట్టండి. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. ఆటోమేటిక్ గేరు కారైతే, గేరు కర్ర తొడుగు రావడానికి దాన్ని ఏ స్థానంలో ఉంచాలో చూసి అక్కడ ఉంచండి. స్టీరింగును పూర్తిగా కిందికి దించి, ముందుకు లాగి ఉంచండి. కరెంటుతో కదిలే సీట్లైతే ఒకసారి పూర్తిగా వెనక్కి, ఒకసారి పూర్తిగా ముందుకు జరిపి నాలుగు బోల్టులూ వదులు చేసుకోండి. ముందు రెండు కిటికీల అద్దాలు దించండి. కారు కంప్యూటరును చదివే స్కానరు ఉంటే అప్పటికే ఉన్న లోపాల కోడ్‌లు రాసి పెట్టుకోండి. పని అయ్యాక వెలిగిన దీపం మీ వల్ల వచ్చిందా, పాతదా అన్న వాదన ఉండదు.

హీటర్, ఏసీ పెట్టె కూడా బయటికి రావాలంటే గ్యాసు సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. పాత కార్లలో ఎక్కువగా ఆర్-134ఎ, కొత్తవాటిలో ఆర్-1234వైఎఫ్ ఉంటుంది. మొదటిది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంటే చేతి మీద పడితే చర్మం గడ్డకడుతుంది. రెండవదానికి కొద్దిగా మండే గుణం ఉంది. పైపు వదులు చేసి గాలిలోకి వదిలేయడం పని కాదు. రికవరీ యంత్రం ఉన్నచోట గ్యాసు తీయించి, ఎంత బరువు వచ్చిందో రాయించుకొని, ఆ తర్వాతే ముట్టుకోండి. కూలెంట్ ఇంజన్ చల్లారాకే దించాలి. హీటర్‌కు వెళ్లే రెండు పైపులను ఇంజన్ గది వైపు విప్పాక, ఒక పైపులోకి నెమ్మదిగా గాలి ఊది లోపల మిగిలిన కూలెంట్‌ను రెండో పైపు గుండా డబ్బాలో పట్టండి. ఇది చేయకపోతే ఆ అరలీటరు సీటు కింది తివాచీలోకి పోతుంది. ఆ వాసన వదలదు.

ఇప్పుడు బ్యాటరీ. ముందు మైనస్, తర్వాత ప్లస్. విప్పిన వైరు కొసకు గుడ్డ చుట్టి పక్కకు కట్టేయండి. ఎయిర్‌బ్యాగు కంప్యూటర్‌లో ఉండే కెపాసిటర్లు బ్యాటరీ లేకపోయినా కొంతసేపు ఎయిర్‌బ్యాగును పేల్చేంత కరెంటు దాచుకుంటాయి. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా బ్యాగు తెరుచుకోవాలనే అలా పెట్టారు. కొన్ని బండ్ల మాన్యువల్‌లో ఒకటి రెండు నిమిషాలు ఆగమని, కొన్నిటిలో పది నిమిషాల దాకా ఆగమని ఉంటుంది. ఏ బండైనా నేను పదిహేను నిమిషాలు ఆగుతాను. ఈలోగా సీట్లు దించుతాను కదా అనుకోవద్దు, సీట్ల కింద కూడా పసుపు రంగు కప్లర్లు (తీగలను కలిపే ప్లగ్గులు) ఉంటాయి. పసుపు అంటే ఎయిర్‌బ్యాగు వ్యవస్థ. వాటిని మల్టీమీటరుతో పరీక్షించకూడదు. మీటరు పంపే చిన్న కరెంటును కూడా నమ్మలేం. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు కనిపిస్తే పని అక్కడే ఆపండి. వాటిలో హీటరు కూడా వందల వోల్టుల మీద నడవవచ్చు. ఆ శిక్షణ ఉన్నవాళ్లే ముట్టుకోవాలి.

తొడుగులు, స్టీరింగు

పైపై ప్లాస్టిక్ తొడుగుల గురించి ఎక్కువ చెప్పను. ఏ క్లిప్పు ఎక్కడుందో బండి బండికీ మారుతుంది, మాన్యువల్ చూడాల్సిందే. ఒక్క మాట: స్క్రూడ్రైవరు బదులు ప్లాస్టిక్ మీటలు వాడండి. చల్లగా ఉన్న ప్లాస్టిక్ పెళుసుగా విరుగుతుంది, కారును కాసేపు ఎండలో ఉంచితే తొడుగుల క్లిప్పు చెవులు సగం బతుకుతాయి. విప్పిన స్క్రూలను ఒకే డబ్బాలో వేసేవాళ్లున్నారు. నేను ఒక పెద్ద అట్ట మీద డ్యాష్‌బోర్డు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ ఊడితే ఆ చోటే అట్టలోకి గుచ్చుతాను. పొడవు స్క్రూ ఉండాల్సిన చోట పొట్టిది పడితే పట్టదు. పొట్టిది ఉండాల్సిన చోట పొడవుది పడితే వెనకున్న తీగను పొడుస్తుంది. రెండవది నాకు ఒకసారి అయింది. బ్రేకు తొక్కినప్పుడల్లా రేడియో ఆగిపోయేది. కారణం దొరకడానికి ఒక పూట పట్టింది.

స్టీరింగులోని ఎయిర్‌బ్యాగు తీశాక దాన్ని కంపెనీ గుర్తు ఉన్న వైపు పైకి ఉండేట్టు, దూరంగా, ఎవరూ తిరగని చోట పెట్టండి. బోర్లించి పెడితే, పొరపాటున పేలినప్పుడు అది రాకెట్టులా లేస్తుంది. ముట్టుకునే ముందు కారు లోహాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి.

స్టీరింగు చక్రాన్ని పట్టి ఉంచే నట్టును పూర్తిగా ఊడదీయకండి. రెండు మరలు మిగిలి ఉండగా ఆపి, చక్రాన్ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతూ లాగండి. నట్టు ఉంటే, చక్రం వదిలినప్పుడు ఆ నట్టుకు తగిలి ఆగుతుంది. లేకపోతే వచ్చి మీ ముక్కుకు తగులుతుంది. లాగే ముందు ఇరుసు కొస మీద, చక్రం మధ్య భాగం మీద కలిసేట్టు పెయింటుతో ఒక గీత గీయండి. చక్రం వెనకున్న క్లాక్ స్ప్రింగ్‌ను వెంటనే టేపుతో బిగించేయండి. అది గడియారం స్ప్రింగులా చుట్టిన పలుచటి రిబ్బను తీగ. మధ్య స్థానం తప్పి బిగిస్తే, తర్వాత స్టీరింగు పూర్తిగా తిప్పిన రోజున తెగుతుంది.

స్టీరింగ్ కాలమ్‌ను దూలంతో కలిపే దించేవాళ్లున్నారు. నేను విడిగా తీస్తాను, బరువు తగ్గుతుంది. పెడళ్ల దగ్గర కింది జాయింటు మీద గీత గీసి, బోల్టు పూర్తిగా బయటికి లాగాలి. చాలా జాయింట్లలో ఆ బోల్టు ఇరుసు మీదున్న గాడిలో కూర్చుంటుంది, వదులు చేస్తే చాలదు. కాలమ్‌ను దూలానికి పట్టిన నాలుగు బోల్టులలో మీ వైపున్న రెండింటినీ చివరకు ఉంచి, తీసేటప్పుడు మరో చేతితో కాలమ్‌ను పట్టుకోండి.

తీగలు

డ్యాష్‌బోర్డు తొడుగు వచ్చేశాక దూలం కనిపిస్తుంది. కనిపిస్తుందనడం కూడా ఎక్కువే. మర్రిచెట్టుకు ఊడలు దిగినట్టు తీగల గుత్తులు దిగి ఉంటాయి. ఇక్కడ ఎవరూ తొందర పెట్టకూడదు. నేనైతే ఫోను కూడా పక్కన పెట్టేస్తాను, ఫొటోలు తీయడానికి తప్ప.

మొదట పని లేకుండా పది నిమిషాలు చూడండి. ఏ గుత్తి దూలంతో పాటు బయటికి వస్తుంది, ఏది కారులో ఉండిపోతుంది? ఈ ప్రశ్నకు సమాధానం దొరక్కుండా ఒక్క కప్లరు కూడా ఊడదీయకండి. కొన్ని బండ్లలో వైరింగు మొత్తం దూలానికే కట్టి ఉంటుంది. అప్పుడు రెండు చివర్లా, మధ్యలో ఉన్న పెద్ద కప్లర్లు విప్పితే అంతా కలిసి వస్తుంది. కొన్నిటిలో గుత్తి కారుకు చెందినది, దూలం మీద క్లిప్పులతో ఆనుకొని ఉంటుంది. అప్పుడు ప్రతి క్లిప్పూ తీయాలి. ఆ క్లిప్పులు చేపముల్లు ఆకారంలో ఉంటాయి, వెనక నుంచి ముక్కు పటకారతో నొక్కి తోస్తే పాడవకుండా వస్తాయి. ముందు నుంచి లాగితే సగం విరుగుతాయి. విరిగిన క్లిప్పులు ఎన్నో లెక్క పెట్టుకొని కొత్తవి తెప్పించండి. ‘ఒక్కటే కదా’ అని వదిలేసిన చోట గుత్తి వేలాడి, దూలం అంచుకు రాసుకొని, పైతొడుగు అరిగి, ఏదో ఒక రోజు ఫ్యూజు కొట్టేస్తుంది. నేను ముందు చెప్పిన ఆరు నెలల కథ ఇదే.

కప్లరు ఊడకపోతే తీగలు పట్టి లాగకండి. లాకు ఎటు నొక్కాలో వేలితో తడిమితే తెలుస్తుంది. పెద్ద కప్లర్లకు మీట ఉంటుంది, అది పూర్తిగా తిరిగితే కప్లరు దానంతటదే పైకి లేస్తుంది. ప్రతి జతకూ ఒకే అంకె వేసిన రెండు టేపు ముక్కలు అంటించండి, ఒకటి ఇటు, ఒకటి అటు. ఆకారాలు వేరు కాబట్టి తప్పు పడవని అంటారు. రెండు ఒకే ఆకారపువి ఎప్పుడూ ఉంటాయి.

ఎర్త్ వైర్లను విడిగా వెతకండి. దూలానికి రెండు మూడు చోట్ల చిన్న బోల్టుతో బిగించి ఉంటాయి, సాధారణంగా 10 పానా పడుతుంది. ఇవి మరిచిపోయి ఎత్తితే తీగ కొసన ఉన్న ఉంగరం తెగుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ చోటును శుభ్రంగా తుడిచి, లోహం లోహానికి తగిలేట్టు చూడండి.

దూలం బోల్టులు

తలుపులు తెరిస్తే స్తంభం అంచున రబ్బరు మూతలు కనిపిస్తాయి. వాటి వెనక ఉన్నవే ముఖ్యమైన బోల్టులు, రెండు వైపులా రెండు మూడేసి. చాలావరకు ఎం8 సైజు, 12 లేదా 13 సాకెట్. నేల మీద మధ్య కాళ్లకు నాలుగు. పెడళ్ల దగ్గర ఒకటి రెండు. హీటర్ పెట్టెను దూలానికి పట్టినవి మరికొన్ని. ఇవన్నీ తీశాక కూడా దూలం కదలకపోతే తప్పు బలానిది కాదు, లెక్కది.

నేను మొదటిసారి ఒంటరిగా చేసిన కారులో అలాగే కదలలేదు. చీకటి పడుతోంది, నాకు కోపం వచ్చింది. ఇనుప కడ్డీ పెట్టి తిప్పాను. పెడళ్ల వైపు రేకు వంగింది. మర్నాడు వెలుతురులో చూస్తే ఒక నట్టు అసలు కారు లోపలే లేదు. ముందు అద్దం కింద వైపర్లు ఉండే ప్లాస్టిక్ తొడుగు తీస్తే, ఇంజన్ గది గోడకు బయటివైపున ఉంది. అప్పటి నుంచి దూలం జోలికి పోయే ముందు వైపర్లు తీసి ఆ తొడుగు కింద చూడటం అలవాటు చేసుకున్నాను. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, పావుగంట పోతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. అన్ని బోల్టులూ ఊడినా, రెండు స్తంభాల మధ్య దూలం బిరుసుగా ఇరుక్కొని ఉంటుంది. ఒక చివర టార్చి వేసి చూడండి. దూలానికీ స్తంభానికీ మధ్య మరలున్న గొట్టంలాంటి బుషింగు కనిపించవచ్చు. ఫ్యాక్టరీలో ఏ రెండు బాడీల మధ్య దూరమూ మిల్లీమీటరుతో సహా ఒకేలా ఉండదు కాబట్టి, ఆ తేడాను పూడ్చడానికి దీన్ని పెడతారు. దీని మరలు ఎడమచేతివి, అంటే మామూలు మరలకు వ్యతిరేక దిశవి. బోల్టును బిగిస్తుంటే ఆ రాపిడితో బుషింగు కూడా తిరిగి, బయటికి వచ్చి స్తంభానికి ఆనుతుంది. బోల్టు విప్పేటప్పుడు తిరిగి లోపలికి పోవాలి. తుప్పు పట్టో, రాపిడి చాలకో అది పోకపోతే దూలం బిగుసుకుపోతుంది. చేతితో గానీ, సన్నటి పానాతో గానీ బుషింగును బోల్టు విప్పే దిశలోనే ఎడమ వైపుకు తిప్పండి. రెండు చుట్లలో వదులవుతుంది. తిరిగి బిగించే రోజున దీన్ని పూర్తిగా లోపలికి తిప్పి ఉంచిన తర్వాతే దూలాన్ని లోపల పెట్టాలి.

ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఉక్కుదైనా పది కిలోల అటూ ఇటూ ఉంటుంది. బరువు సమస్య కాదు, పొడవు సమస్య. స్తంభాల అంచులకు, సీట్లకు పాత దుప్పట్లు చుట్టండి. సీట్లు పూర్తిగా తీసేస్తే ఇంకా మంచిది. ఇద్దరూ కలిసి ముందు ఒక చేతి వెడల్పు మాత్రమే వెనక్కి లాగి ఆగాలి. ఆ సందులోంచి టార్చి వేసి అటు చివర నుంచి ఇటు చివర దాకా చూడాలి. ఏ తీగైనా బిగిసిందా, ఏ కప్లరైనా మిగిలిందా? నా లెక్కలో ప్రతిసారీ కనీసం ఒకటి మిగులుతుంది. దాన్ని తీసి, మరో చేతి వెడల్పు లాగి, మళ్లీ చూడాలి. పూర్తిగా వదిలాక ఒక చివర కిందికి, ఒక చివర పైకి ఉండేట్టు ఒరిగించి, డ్రైవరు కాని వైపు తలుపు గుండా బయటికి తీయాలి. లోపల ఉన్న మనిషి తోయాలి, బయట ఉన్న మనిషి దారి చూపించాలి. ఇద్దరూ లాగితే తలుపు రంగు పోతుంది.

తిరిగి పెట్టడం

ఎవాపరేటర్ పైపుల రబ్బరు ఓ-రింగులు పాతవి వాడొద్దు. కొత్తవాటికి ఆ ఏసీకి సరిపడే కంప్రెసర్ నూనె రాసి పెట్టండి. హీటర్ పెట్టె కింది నీళ్ల గొట్టం నేలలోని రంధ్రంలోకి సరిగా దిగిందో చూసి, ఎవాపరేటర్ మీద ఒక గ్లాసు నీళ్లు పోయండి, కారు కింద చుక్కలు పడాలి. అన్నీ బిగించాక తివాచీ తడిసినప్పుడు ఇది తెలుసుకోవడం కన్నా నరకం లేదు.

దూలం బోల్టులను మొదట అన్నిటినీ వేలితో రెండు మూడు మరలు ఎక్కించండి. తర్వాత స్థానం నిర్ణయించే పిన్ను ఉన్న వైపు మొదలుపెట్టి, బుషింగు ఉన్న వైపు చివరగా బిగించండి. ఎం8 ఉక్కు బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది, అయినా మీ బండి మాన్యువల్‌లోని అంకే చెల్లుతుంది. స్టీరింగు జాయింటు బోల్టు, ఎయిర్‌బ్యాగు బోల్టులు, సీటు బోల్టుల విషయంలో చేతి అంచనా పనికిరాదు, బిగింపును కొలిచే టార్క్ రించి తప్పనిసరి. మాన్యువల్‌లో ఒకసారికే వాడాలని ఉన్న బోల్టును కొత్తది వేయండి.

డ్యాష్‌బోర్డు తొడుగు వేసే ముందు బ్యాటరీ కలిపి అన్నీ పని చేస్తున్నాయో చూసుకుందామని అందరికీ అనిపిస్తుంది. ఎయిర్‌బ్యాగు కప్లర్లు కలపకుండా ఇగ్నిషన్ వేస్తే లోపం కోడ్ నమోదై దీపం వెలుగుతుంది, స్కానరు లేకుండా పోదు. నేను ఆ పరీక్ష మానేశాను. దాని బదులు అట్ట మీద మిగిలిన స్క్రూలనూ, అంకెల టేపులనూ రెండుసార్లు సరిచూస్తాను. అన్నీ కలిశాక ప్లస్, తర్వాత మైనస్. మొదటిసారి ఇగ్నిషన్ వేసేటప్పుడు లోపల ఎవరూ లేకుండా, కిటికీలోంచి చేయి పెట్టి తాళం తిప్పుతాను. ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే కారు ఇవ్వను.

కిటికీల ఆటో సెట్టింగు పోయి ఉంటుంది, అద్దం పైదాకా ఎత్తి మీటను కొన్ని సెకన్లు పట్టుకుంటే చాలా బండ్లలో తిరిగి వస్తుంది. స్టీరింగు కోణం సెన్సారును సున్నాకు తేవాలా వద్దా అన్నది మాన్యువల్ చెబుతుంది. గ్యాసు బరువు తూచి నింపించాక, గతుకుల దారి మీద రేడియో ఆపి ఒక కిలోమీటరు నడపండి. ఎక్కడో కిర్రుమంటే అది దూలం కాదు, దాదాపు ఎప్పుడూ ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్కే. ఆ తొడుగు అంచు తీసి లోపల ఫెల్టు టేపు అంటించి మళ్లీ వేయండి.